పాత ఇల్లు బాగుచేయిస్తున్నారా? నీళ్ళ దారి ముందు, రంగులు ఆఖర్న

బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇల్లు మా మామగారు 1991లో కట్టించింది. తొమ్మిదంగుళాల గోడలు, మొజాయిక్ గచ్చు, టేకు గుమ్మాలు. దాన్ని బాగుచేయిద్దామని అనుకున్న రోజు నుంచి ఇంటిల్లిపాదీ మాట్లాడింది ఒక్కటే, హాల్లో ఫాల్స్ సీలింగు ఏ డిజైన్ వేయిద్దామా అని. ఫోన్ల నిండా ఫొటోలు. పని మొదలైన నాలుగో రోజు మేస్త్రి బాత్రూం గోడ కొట్టాడు. లోపలి ఇనప పైపు బయటపడింది. మేస్త్రి దాన్ని వేలితో గీకితే అప్పడంలా పొరలు రాలాయి. పైగది బాత్రూం నీళ్ళు ఎన్నాళ్ళ నుంచి గోడలోకి దిగుతున్నాయో! దాని కిందనే మేం సీలింగు కట్టించబోయింది.

అప్పటికప్పుడు వరస మార్చుకున్నాం. బెజవాడలో, గుంటూరులో పాతికేళ్ళు దాటిన ఇల్లున్న ఎవరు అడిగినా నేను చెప్పేది ఆ వరసే: నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతున్నాయో తేల్చుకోండి, ఆ పని పూర్తి చేయండి, కంటికి కనిపించేవన్నీ ఆ తర్వాత.

ముందు ఒక నోటుబుక్కు, పెన్సిలు, టేపు

ఇంటీరియర్ వాళ్ళని పిలవకముందే మీ ఇంటిని మీరు ఒకసారి గది గదికీ తిరిగి చూసుకోండి. ఒకసారంటే ఒకసారి కాదు. ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, గట్టి వాన కురిసిన మర్నాడు ఒకసారి, రాత్రి అన్ని లైట్లూ వేసి ఒకసారి. గోడకి అరచెయ్యి ఆనించి చూడండి. పెచ్చులు ఊడుతున్న చోట, సున్నం పొడి రాలుతున్న చోట పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి.

చెమ్మ ఎక్కడిదో తెలిస్తేనే మందు తెలుస్తుంది. వాన పడ్డాక కనబడి, ఎండలకి ఆరిపోతే డాబా మీదిదో, బయటి గోడ పగులుదో. వానతో పనిలేకుండా ఏడాది పొడుగునా ఒకే చోట మరక ఉంటే అది పైపు. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకూ గోడ పొడుగునా పట్టి, పైన తెల్లటి ఉప్పు పొడి లేస్తుంటే భూమిలోంచి పైకి పాకుతున్న చెమ్మ. ఈ మూడింటికీ పెయింటు షాపులో ఒకే డబ్బా అంటగడతారు. తీసుకోకండి. పైపు కారుతుంటే దాని మీద ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ రంగు పూసినా ఆర్నెల్లలో బొబ్బలెక్కుతుంది.

పగుళ్ళ సంగతీ అంతే. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేల. వానలకి ఉబ్బుతుంది, ఎండలకి బిగుసుకుపోతుంది. ఆ ఊపు పునాదికీ తగులుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగులు ఉంటే దాని రెండు కొసల దగ్గరా గీత గీసి తేదీ రాసి, కనీసం ఒక కాలం మారేదాకా చూడండి. గీత దాటి పాకితే ఇంజనీరుని పిలవాలి. పాకకపోతే పూడ్చి రంగు వేసుకోవచ్చు. మా చుట్టాలావిడ బ్రాడీపేటలో ప్రతి ఏడూ అదే పగులుకి లప్పం పెట్టించేది. చివరికి ఇంజనీరు వచ్చి చూస్తే, గోడ పక్కనే మురుగు గొట్టం పగిలి నీళ్ళు పునాది కిందికి పోతున్నాయట.

గోడ కొట్టే ముందు

హాలు, భోజనాల గది కలిపేసి పెద్దగా చేసుకోవాలని ఇప్పుడు అందరికీ ఉంటోంది. పిల్లర్లు లేకుండా తొమ్మిదంగుళాల గోడల మీదే స్లాబు వేసిన ఇళ్ళు మన పాతపేటల్లో చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో గోడంటే అడ్డు కాదు, ఇంటిని మోసేది. మేస్త్రి ఎంత అనుభవమున్నవాడైనా సరే, ‘ఏం కాదండీ, పైన బీము వేసేద్దాం’ అన్నా సరే, స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూసి, కాగితం మీద గీసి ఇస్తే తప్ప ఆ గోడ మీద సుత్తి పడనివ్వకండి. అపార్ట్‌మెంటులో అయితే పిల్లర్నీ బీమునీ తొలిచి వైరు గాడి కొట్టడం కూడా వద్దు.

గదో, అంతస్తో కొత్తగా కలుపుతుంటే కార్పొరేషన్ అనుమతి తీసుకోవాలి. లోపలి రంగులకి, టైల్స్‌కి ఆ బాధ లేదు.

డాబా

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. నాకు తెలిసినంతలో జనం అన్నిటికన్నా తక్కువ ఖర్చు పెట్టేదీ, అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయేదీ ఇక్కడే.

డాబా తూములకి గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి ఒక రోజు ఉంచండి. కింద సీలింగు మీద ఎక్కడ తడి కనిపిస్తే అక్కడ సుద్దముక్కతో గుండ్రంగా గీయండి. తర్వాత తూములు తెరిచి నీళ్ళు ఎటు పోతున్నాయో నిలబడి చూడండి. నీళ్ళు పోయాక ఎక్కడైనా మడుగు మిగిలిందంటే అక్కడ వాటం పోయినట్టే. మా డాబా మీద ఆగ్నేయం మూల రెండు చాపలంత మడుగు మిగిలింది. కింద మా అబ్బాయి గదిలో మరక సరిగ్గా అక్కడే.

మన పాత డాబాల మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస చేసిన గచ్చు ఉంటుంది. అది గట్టిగా ఉంటే పీకించకండి. పగుళ్ళు తెరిపించి పూడ్పించి, వాటం సరిచేయించి, పిట్టగోడా గచ్చూ కలిసే మూల పొడుగునా సిమెంటు పెట్టించి మూలని గుండ్రంగా తిప్పించండి. వాన నీళ్ళు స్లాబులోకి దిగేది ఎక్కువగా ఆ మూల నుంచీ, తూము గొట్టం చుట్టూ ఉన్న సందు నుంచీ. ఆ తర్వాతే వాటర్‌ప్రూఫ్ పూత. పూత ఆరాక మళ్ళీ నీళ్ళు నిలబెట్టి చూసుకోండి. ఈ రెండో పరీక్షకి ‘టైము లేదండీ’ అంటారు. టైము ఇవ్వండి.

ఆ పైన తెల్లటి కూల్ రూఫ్ పూత రెండు కోట్లు వేయిస్తే ఎండలో ఎక్కువ భాగం వెనక్కి పోతుంది. మే నెలలో బెజవాడ స్లాబు పగలంతా కాగి, రాత్రి పదింటికి కూడా కింద మంచం మీద పడుకున్న వాళ్ళ మీద ఆవిరి వదులుతుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏసీ ఇంకా పెద్దది కొనే ముందు ఈ పని చేయించండి.

డాబా పనికి మార్చి, ఏప్రిల్ మంచివి. రోహిణి కార్తెలో సిమెంటు పని పెట్టుకుంటే తడిపిన నీళ్ళు గంటలో ఆవిరైపోయి గచ్చు పగుళ్ళిస్తుంది. తప్పకపోతే తడి గోనెపట్టాలు పరిచి, పొద్దున్నా సాయంత్రం తడుపుతూ వారం రోజులైనా కాపాడాలి.

పడమటి ఎండ

సన్‌షేడు మధ్యాహ్నం నడినెత్తి ఎండని ఆపుతుంది గానీ, నాలుగింటికి అడ్డంగా వచ్చే పడమటి ఎండని ఆపలేదు. గదిలో మందపాటి కర్టెన్ వేస్తే ఆ వేడి అప్పటికే అద్దం దాటి లోపలికొచ్చేసి ఉంటుంది. అడ్డం కిటికీ బయట ఉండాలి. వెదురు చాప గానీ, వట్టివేళ్ళ తడిక గానీ కట్టించండి. దక్షిణం వైపు కిటికీలు మాత్రం మూసేయకండి, సాయంత్రం పైరగాలి అటునుంచే వస్తుంది. కిటికీలు మార్చేటప్పుడు ఒక మాట గుర్తుపెట్టుకోండి: రెండు పట్టాల స్లైడింగ్ కిటికీ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. మా టేకు రెక్కలు అలాగే ఉంచి, లోపల దోమల జాలీ ఫ్రేములు బిగించాం. గాలి తగ్గలేదు, ఖర్చు తగ్గింది.

పైపులు, వైర్లు

గోడలు ఒకసారి తెరిచాక పాత ఇనప పైపు ఒక్క ముక్క కూడా లోపల మిగల్చకండి. గీజరు నీళ్ళకి వేడికి ఆగే సీపీవీసీ ప్లాస్టిక్ పైపు, మిగతా వాటికి యూపీవీసీ ప్లాస్టిక్ పైపు. గోడ మూసేముందు ప్రెషర్ పంపు పెట్టి రాత్రంతా ఉంచమనండి. పొద్దున్నకి పంపు మీటరు ముల్లు దిగకూడదు.

వైర్ల మందం విషయంలో వాడుకలో ఉన్న లెక్క ఇది: లైట్లకి, ఫ్యాన్లకి 1.5 స్క్వేర్ ఎంఎం, మిక్సీ, ఫ్రిజ్ లాంటి పవర్ పాయింట్లకి 2.5, ఏసీకి, గీజరుకి విడివిడిగా 4. పాత ఇళ్ళలో ఎర్తు వైరే లేని పాయింట్లు ఉంటాయి, ఒక్కొక్కటీ చూపించమని అడగండి. బోర్డులో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, తప్పకుండా పెట్టించండి. తడి చేత్తో గ్రైండరు ముట్టుకున్నప్పుడు ప్రాణం కాపాడేది అదే. దాని ఖర్చు ఒక ఫ్యాన్సీ లైటంత ఉంటుంది.

ఇంకొకటి. గాడుల్లో పైపులు, వైర్లు పరిచాక, ప్లాస్టరింగుకి ముందు, గోడకి టేపు ఆనించి పట్టుకుని ప్రతి గోడకీ ఫొటో తీసుకోండి. నేల నుంచి ఎంత ఎత్తులో పైపు పోతోందో ఆ ఫొటోలో అంగుళాలతో సహా కనపడాలి. మొన్న మా ఆయన అద్దం తగిలించడానికి డ్రిల్లు పట్టుకుంటే, ముందు ఫోను తీసి చూసుకుని నాలుగంగుళాలు పక్కకి జరిపారు.

బాత్రూం

పాత టైల్స్ పీకి, వాటర్‌ప్రూఫ్ పూత వేశాక రెండు రోజులు నీళ్ళు నిలబెట్టాలి. మా మేస్త్రి సాయంత్రం పూత వేసి, మర్నాడు పొద్దున్నే టైల్స్ మొదలెడతానన్నాడు.

‘నీళ్ళు పెట్టి చూడొద్దా?’ అన్నాను.

‘ముప్పై ఏళ్ళ నుంచి చేస్తున్నానమ్మా, ఏం కాదు.’

‘రెండు రోజుల కూలీ నేనిస్తాను, ఆ రెండు రోజులూ వేరే గదిలో పని చెయ్యి’ అన్నాను.

రెండో రోజు పొద్దున కింద వరండా సీలింగు మీద అణా అంత తడి మచ్చ కనిపించింది. కమోడ్ గొట్టం చుట్టూ పూత అందలేదు. మంచి మనిషి, వెంటనే ఒప్పుకున్నాడు, మళ్ళీ వేశాడు. అదే టైల్స్ వేసేశాక బయటపడి ఉంటే మొత్తం పీకాల్సి వచ్చేది.

నేల వాటం తూము వైపు అడుగుకి ఎనిమిదో వంతు అంగుళం ఉంటే చాలు. రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి చూడడమే కాదు, ఒక చెంబు నీళ్ళు గుమ్మం దగ్గర ఒలకబోసి చూడండి. నున్నటి టైలు వద్దు, గరుకుది తీసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ ఇప్పుడే బిగించండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న వీధిలో నల్ల టైల్స్, నల్ల కుళాయిలు వేయించుకుంటే తెల్లటి చారలు రోజూ తుడవాల్సిందే.

వంటిల్లు

ఇక్కడ నిర్ణయం వండే మనిషిది. డిజైనరు బొమ్మలో వంటగట్టు ఎత్తు 34 అంగుళాలని ఉంటుంది. మా అత్తగారు ఐదడుగులకి ఒక అంగుళం తక్కువ. ఆవిడకి ఆ గట్టు మీద పప్పుగుత్తి తిప్పాలంటే భుజం లేవాలి. నేను చేసింది చెబుతాను. రెండు వైపులా ఇటుకలు పేర్చి, మీద ఒక పలక పెట్టి, కత్తి, చెక్క, బెండకాయలు ఇచ్చి నిలబడి తరగమన్నాను. ఒక ఇటుక తీసి ఒకసారి, పెట్టి ఒకసారి. ఆవిడ మోచెయ్యి మడిచినప్పుడు దానికి నాలుగైదు అంగుళాలు కిందగా గట్టు ఉంటే నొప్పి లేదంది. లెక్క 31 అంగుళాలకి తేలింది. నాకు 33 కావాలి. స్టవ్వున్న వైపు 31, సింకున్న వైపు 33 కట్టించుకున్నాం. సింకు గుంట లోతుగా ఉంటుంది కాబట్టి ఆ వైపు ఎత్తు ఉంటేనే నడుముకి మంచిది. ఇప్పుడు ఇద్దరికీ పనికొస్తోంది.

చిమ్నీ కొంటే గొట్టం బయటికి వదిలేదే కొనండి. గుంటూరు మిరపకాయలు పోపులో పడ్డాక వచ్చే ఘాటుని ఫిల్టరు పట్టి మళ్ళీ వంటింట్లోకే వదిలే రకం మన వంటకి ఆగదు. గొట్టంలో మలుపులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. స్టవ్వు కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగా పెట్టించండి, గాలికి మంట ఆరదు. గ్యాస్ వాల్వు కప్‌బోర్డు లోపల మూలన ఉండకూడదు, చెయ్యి చాపితే అందాలి. గట్టుకి గ్రానైటే బాగుంటుంది. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి మనకి మరీ దూరం కాదు, మార్టూరు పాలిషింగ్ యూనిట్లు గుంటూరు నుంచి పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చేంత దూరం. పలక ఎండలో నిలబెట్టి, తడిపి, సన్నటి పగుళ్ళున్నాయేమో కళ్ళతో చూసి తెచ్చుకోండి.

చెక్కపని

మా ఆడపడుచు వాళ్ళిల్లు సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు వీధుల్లోకి, ఇళ్ళలోకి వచ్చేశాయి. వాళ్ళ హాల్లో నడుము లోతు. నీళ్ళు తీశాక మేం వెళ్ళేసరికి కొత్త మాడ్యులర్ కిచెన్ అట్టపెట్టెలా ఉబ్బి, లామినేట్ రేకులు ఊడి వేలాడుతున్నాయి. వాళ్ళు బిల్లులో వాటర్‌ప్రూఫ్ ప్లై అని రాయించుకున్నారు. విరిగిన అంచు చూస్తే లోపల చెక్కపొడి అదిమి చేసిన పలక. ఆ పక్కనే, పాత వంటింట్లో కడప బండల అరలు మాత్రం కడిగితే కొత్తవాటిలా ఉన్నాయి.

నీళ్ళొచ్చే వీధుల్లో కింది అంతస్తుకి నా మాట ఇదీ: వంటగట్టు కింద కడప బండల అరలు, వాటికి అల్యూమినియం తలుపులు. చెక్క పైకప్‌బోర్డులకే. గోడమీద నీళ్ళ గీత ఇంకా కనిపిస్తూంటే ప్లగ్ పాయింట్లన్నీ ఆ గీతకి ఒక అడుగు పైకి మార్పించండి.

మిగతా చోట్ల కూడా సింకు కింద, బాత్రూం గోడకి ఆనుకున్న బీరువాకి బీడబ్ల్యూపీ (మరిగే నీళ్ళకి కూడా ఆగే) రకం ప్లై వాడాలి, దాని మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది. పొడి గదుల్లో ఐఎస్ 303 సరిపోతుంది. పలకలు కోయకముందు, ఇంటికొచ్చిన రోజే, ముద్ర చూసి ఫొటో తీసుకోండి. కోసి లామినేట్ అంటించాక దేవుడు కూడా చెప్పలేడు. బీరువా వెనక గోడకి చెమ్మ ఉంటే అంగుళం ఖాళీ వదిలి నిలబెట్టించండి. పాత టేకు ద్వారబంధాలు ఉంటే చెదలు చూసుకుని, గీకించి పాలిష్ పెట్టించండి. అంత చేవ ఉన్న కలప ఇప్పుడు కొనాలంటే చాలా అవుతుంది.

నేల

మొజాయిక్ పగలకపోతే మార్చకండి. ఇది నా గట్టి అభిప్రాయం. మిషను పెట్టి పాలిష్ చేయిస్తే ముప్పై ఏళ్ళ గచ్చు మళ్ళీ అద్దంలా వస్తుంది, ఎండాకాలం కాలికి చల్లగా ఉంటుంది. దాని మీదే టైల్స్ అంటించేస్తే ముప్పావు అంగుళం నేల పైకి లేస్తుంది. ప్రతి తలుపూ కింద కోయాలి, గుమ్మం ఎత్తు తక్కువైపోతుంది.

మార్చక తప్పకపోతే అన్ని పెట్టెలూ ఒకే బ్యాచి నంబరువి తీసుకోండి, పదో వంతు ఎక్కువ కొనండి. వేసిన మర్నాడు రూపాయి బిళ్ళతో ప్రతి టైలూ కొట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే అప్పుడే తీయించండి. పీకిన రాళ్ళూ రప్పలూ ట్రాక్టరులో ఎవరు ఎత్తిస్తారో ముందే మాట్లాడుకోండి. రాత్రి పూట బందరు కాలువ గట్టునో, ఏలూరు కాలువ గట్టునో పోసి వచ్చే వాళ్ళున్నారు. కాలువ పూడితే రేపు ఆ వాన నీళ్ళు మన గుమ్మంలోకే వస్తాయి. ఎక్కడ పోస్తారో అడిగి మరీ పంపండి.

రంగులు

కొత్త ప్లాస్టరింగు నాలుగు వారాలు ఆరాలి. తర్వాత లప్పం, ప్రైమరు, రెండు కోట్లు. రంగు షేడు కార్డులో చూసి ఎంచుకోకండి, గోడమీద రెండడుగుల పట్టీ వేయించి పగలొకసారి, రాత్రి ట్యూబులైటులో ఒకసారి చూడండి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. ఫాల్స్ సీలింగు మీద మనసుంటే పై అంతస్తులో ఒక వానాకాలం గడిచాక వేయించండి. ఫ్యాను రెక్కలకీ సీలింగుకీ మధ్య అడుగైనా ఖాళీ ఉండేలా చూడండి.

డబ్బు, కాగితం

లేబర్ రేటా, మెటీరియల్‌తో కలిపా అన్నది ఒక్కటే అడిగితే చాలదు. చదరపు అడుగు ఎలా కొలుస్తారు, పెయింటు కొలతలో కిటికీల జాగా మినహాయిస్తారా లేదా, స్కర్టింగు (గోడ అడుగున వేసే పట్టీ) పొడుగు అడుగుల లెక్కనా చదరపు అడుగుల లెక్కనా, చెత్త ఎవరు ఎత్తించాలి, సామాను ఏ కంపెనీది, ఏ రోజుకి ఏ పని అన్నవి ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. బయానా తక్కువ ఇచ్చి, పూర్తయిన పనికి మాత్రమే విడతలవారీగా ఇవ్వండి. మొత్తం అంచనాలో ఎనిమిదో వంతు విడిగా దాచి ఉంచుకోండి, గోడ తెరిచాక అది ఖర్చవుతుంది. సంక్రాంతికి పనివాళ్ళు ఊళ్ళకి వెళితే పది రోజులు రారు, అదీ లెక్కలో వేసుకోండి.

చివరి పదో వంతు మొదటి గట్టి వాన పడేదాకా ఇవ్వనని మొదటి రోజే చెప్పండి. మా మేస్త్రి ఒప్పుకున్నాడు. జూన్ చివర్లో రాత్రంతా వాన కురిస్తే, పొద్దున ఏడింటికి తనే వచ్చి గది గదికీ తిరిగి సీలింగు చూసుకుని, టీ తాగి, డబ్బు తీసుకుని వెళ్ళాడు. మిగిలిన టైల్స్ పెట్టెల మీద గది పేరు, బ్యాచి నంబరు రాసి అటక మీద పెట్టించాను.